గోదావరి డెల్టాలో నేల చెడిపోతే: ఎవరు చెప్పాలి, ఎవరికి చెప్పాలి, ఎన్నాళ్లలో?

1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ బావి నుంచి ఎగసిన మంట 65 రోజులు ఆరలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. ఆ రెండింటినీ దేశమంతా చూసింది. కానీ కోనసీమలోనైనా, ఇటు భీమవరం, నరసాపురం వైపైనా నేలకు జరిగే నష్టంలో ఎక్కువ భాగం అలా ఆకాశానికి ఎగసి కనిపించదు. పూడ్చకుండా వదిలేసిన డ్రిల్లింగు బురద గుంట, సన్నగా కారే పైపు జాయింటు, మురుగు కాలువలో కలిసే ఫ్యాక్టరీ నీళ్లు, మూతపడ్డ మిల్లు వెనక పేరుకున్న గసి. వీటి సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. ఏ రిజిస్టరులోనూ ఉండదు.

కేంద్ర పర్యావరణ శాఖ 2025 జులైలో కలుషిత స్థలాల నిర్వహణ నిబంధనలు తెచ్చింది. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద వచ్చిన నిబంధనలివి. నేల కాలుష్యాన్ని ఎవరు గుర్తించాలి, ఎన్నాళ్లలో పరీక్షించాలి, ఖర్చు ఎవరు పెట్టాలి అన్నవి ఒకే చోట రాసిపెట్టడం మన దేశంలో ఇదే మొదలు. వీటి గురించీ, వీటికి ముందు నుంచే ఉన్న చట్టాల గురించీ డెల్టా రైతులు, ఇళ్ల స్థలాల వాళ్లు, పంచాయతీ సభ్యులు అడిగే ప్రశ్నలకు జవాబులు ఇవి.

ఏ నేలనైనా ‘కలుషిత స్థలం’ అనొచ్చా?

అనలేం. నిబంధనల్లో దానికి మూడు మెట్లున్నాయి. ఫిర్యాదు మీదో, తమంతట తామో అధికారులు అనుమానించి జాబితాకెక్కించింది అనుమానిత స్థలం. తొలి పరీక్షలో ప్రమాదకర రసాయనాల జాడ దొరికితే అది కాలుష్యం ఉండే అవకాశమున్న స్థలం. వివరమైన పరీక్షలో మోతాదు పరిమితి దాటిందని తేలితేనే కలుషిత స్థలమని ప్రకటిస్తారు. ఏయే రసాయనాలు చూడాలన్నదానికి 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో ఉన్న 189 పదార్థాల పట్టిక ఆధారం.

అణుధార్మిక వ్యర్థాలు, గనుల తవ్వకం, సముద్రంలో చమురు కాలుష్యం, మునిసిపల్ చెత్త డంపులు మామూలుగా దీని కిందకు రావు, వాటికి వేరే చట్టాలున్నాయి. అయితే ఆ చెత్తలోనే ప్రమాదకర రసాయనం కలిసి నేలలో పరిమితి దాటితే మళ్లీ ఇవే నిబంధనలు వర్తిస్తాయి. కోనసీమ వాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ‘చమురుకు వేరే చట్టం ఉందండీ’ అని ఎవరైనా తిప్పి పంపితే, ఆ మినహాయింపు సముద్రంలో కలిసిన చమురుకే. కొబ్బరి తోటలో చిందిన చమురుకు కాదు.

రిపోర్టు చేయాల్సిన బాధ్యత అసలు ఎవరిది?

ఇద్దరిది. వేరువేరుగా.

మొదటి బాధ్యత కాలుష్యానికి కారణమైన సంస్థది. ఎవరూ అడగక్కర్లేదు, ఫిర్యాదు కోసం ఆగక్కర్లేదు. 1974 నీటి కాలుష్య నివారణ చట్టం 31వ సెక్షన్ ప్రకారం ప్రమాదవశాత్తూ వ్యర్థం వాగులోనో బావిలోనో కలిసినా, కలిసే ప్రమాదం ఉన్నా, వెంటనే కాలుష్య నియంత్రణ మండలికి చెప్పాలి. పర్యావరణ పరిరక్షణ చట్టం 9వ సెక్షన్ కూడా అదే చెబుతుంది, పైగా నష్టం పెరగకుండా ఆపే బాధ్యతను కూడా వాళ్ల మీదే పెడుతుంది. ప్రమాదకర వ్యర్థాలకు సంబంధించిన ప్రమాదమైతే ఫోన్ మీద, ఈమెయిల్ మీద వెంటనే మండలికి తెలిపి, ఆపైన ఫారం 11లో రిపోర్టు ఇవ్వాలి. భారీ రసాయన ప్రమాదమైతే 1989 నిబంధనల ప్రకారం 48 గంటల్లోగా సంబంధిత అధికారికి నోటీసు పోవాలి.

రెండో బాధ్యత కొత్తది. స్థానిక సంస్థ, అంటే పల్లెలో పంచాయతీ, పట్నంలో మునిసిపాలిటీ, లేదా జిల్లా యంత్రాంగం తమ పరిధిలో అనుమానం ఉన్న స్థలాలను గుర్తించి, ఆరు నెలలకోసారి కేంద్ర పోర్టల్‌లో నమోదు చేయాలి. తమంతట తాము చేయొచ్చు, ప్రజల ఫిర్యాదు మీద చేయొచ్చు. ఈ నమోదుతోనే తర్వాతి గడువులు లెక్కలోకి వస్తాయి. మన సర్పంచులకు, కార్యదర్శులకు ఈ విషయం తెలియజెప్పడం కన్నా ముఖ్యమైన పని ఇప్పుడు ఇంకోటి లేదని నా అభిప్రాయం.

మా తోటలో పైపులైను పోతోంది. గట్టు పక్క నీళ్ల మీద నూనె తెట్టు కట్టింది, గ్యాసు వాసన వస్తోంది. ముందు ఏం చేయాలండీ?

ముందు మనుషులు. బోరు మోటారు స్విచ్చి వేయకండి, ఉన్నది ఆపకండి కూడా. పొయ్యి, బీడీ, బండి స్టార్టు చేయడం, ఏదీ వద్దు. గాలి ఎటు నుంచి వస్తోందో చూసుకుని దానికి ఎదురుగానో అడ్డంగానో దూరం జరగండి. పైపులైను దారిలో పాతిన హెచ్చరిక బోర్డు మీద సంస్థ అత్యవసర నంబరు ఉంటుంది, దానికీ 112కీ ఫోన్ చేయండి. 2014లో నగరం గ్రామంలో పేలుడుకు ముందే లీకైన గ్యాసు ఇళ్ల మధ్య పరుచుకుని ఉంది, నిప్పు తగలడమే తరువాయి అయింది. పైపులో చేరిన నీటి వల్ల లోపలి నుంచి తుప్పు పట్టిందని తర్వాత బయటపడింది. వాసన వచ్చిందని ఫోన్ చేయడం ఎవరినో ఇబ్బంది పెట్టడం కాదు.

ప్రమాదం లేదని తేలాక, అదే రోజు రాతకు కూర్చోండి. సంస్థ మనుషులు వచ్చి మట్టి తవ్వి, తెట్టు తీసేసి, ఇసుక పోసి వెళ్లిపోతారు. అది తప్పని అనను, లీకు ఆపడం వాళ్ల పని. కానీ తవ్వకముందు ఫొటోలు, తవ్విన మట్టిని ఏ వాహనంలో ఎక్కడికి పట్టుకెళ్లారన్న వివరం మీ దగ్గర ఉండాలి. చమురు కలిసిన బురద, చమురు కలిసిన డ్రిల్లింగు మడ్డు, నీటి ఆధారిత మడ్డుతో తవ్వినవి మినహా మిగతా తవ్వకపు ముక్కలు 2016 నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థాల జాబితాలో ఉన్నాయి. వాటిని తరలించాలంటే ఫారం 10 ఉండాలి. ఆ కాగితం చూపమని అడిగే హక్కు మీకు లేదని ఎవరైనా అంటే, ఆ నకలు కోసం కాలుష్య నియంత్రణ మండలికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి.

ఫిర్యాదులో ఏమేం రాయాలి?

కోపం తక్కువ, కొలతలు ఎక్కువ. సర్వే నంబరు, సబ్ డివిజన్, విస్తీర్ణం. ఏ తేదీన, ఏ పూట మొదట కనిపించింది. నీళ్ల రంగు, వాసన. బోదెలో నీరు ఎటు నుంచి ఎటు పారుతోంది, ఆ బోదె ఏ కాలువలో కలుస్తుంది. ఎంత దూరంలో తాగునీటి బోరు ఉంది, ఎంత దూరంలో ఊరి చెరువు ఉంది. ఏ పంట, ఎన్ని చెట్లు, ఏమైంది. లొకేషన్ ఆన్ చేసి తీసిన ఫొటోలు. పశువులకు జబ్బు చేస్తే పశువైద్యుడి చీటీ.

ఆఖరున ఈ వాక్యం మాత్రం మరవద్దు: ‘పై సర్వే నంబరు భూమిని 2025 కలుషిత స్థలాల నిర్వహణ నిబంధనల ప్రకారం అనుమానిత కలుషిత స్థలంగా కేంద్ర పోర్టల్‌లో నమోదు చేసి, నమోదు వివరం నాకు రాతపూర్వకంగా తెలుపగలరు.’ ఈ వాక్యం లేకపోతే మీ అర్జీ పంట నష్టం ఫైలులోకో, పారిశుధ్యం ఫైలులోకో పోతుంది. ఎవరో వచ్చి చూసి వెళ్తారు, అక్కడితో సరి.

నాలుగు ప్రతులు తీయండి. ఒకటి పంచాయతీ కార్యదర్శికి, ఒకటి తహసీల్దారుకి, ఒకటి కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో, ఒకటి కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి. కాకినాడలో, ఏలూరులో మండలి ప్రాంతీయ కార్యాలయాలున్నాయి. మీ మండలం దేని కిందకు వస్తుందో ముందే అడిగి తెలుసుకోండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక ఈ గందరగోళంతో ఫిర్యాదులు అటూ ఇటూ తిరుగుతున్నాయి. ప్రతి చోటా ముద్ర వేసిన రసీదు తీసుకోండి. అర్జీ తీసుకోబోమని మొండికేస్తే స్పీడ్ పోస్టు ఉండనే ఉంది.

పంచాయతీ తీర్మానం అవసరమా?

ఫిర్యాదుకు తప్పనిసరి కాదు. అయినా చేయించమనే చెబుతాను. ఒక్క రైతు అర్జీ ఒక్క రైతు గొడవగా మిగిలిపోతుంది. స్థానిక సంస్థ గుర్తించాలని నిబంధన ఉన్నప్పుడు, ‘మేం గుర్తించాం’ అని ఆ సంస్థే తీర్మానం రాస్తే జిల్లా యంత్రాంగం పక్కన పెట్టడం కష్టం. సర్పంచు మీద ఒత్తిడి ఉండొచ్చు. ఆ కంపెనీలో ఊరి కుర్రాళ్లు పనిచేస్తూ ఉండొచ్చు. తీర్మానంలో ఎవరి పేరూ నిందిస్తూ రాయక్కర్లేదు. ఫలానా సర్వే నంబరులో ఫలానా తేదీ నుంచి నేల, నీరు మారాయి, పరీక్షించాలి అని ఉంటే చాలు. కారకులెవరో తేల్చడం మండలి పని.

నేను కౌలు రైతును. అడంగల్‌లో నా పేరు లేదు. ఫిర్యాదు చేయొచ్చా?

చేయొచ్చు. ఫిర్యాదు ఎవరైనా చేయొచ్చు, భూమి హక్కుతో సంబంధం లేదు. పరిహారం దగ్గరికొచ్చేసరికే సాగు చేసింది మీరేనని చూపాలి. 2019 చట్టం కింద ఇచ్చే సాగుదారు హక్కు పత్రం, అదే మనం కౌలు కార్డు అనేది, ఈ-క్రాప్ నమోదు, ధాన్యం అమ్మిన రసీదులు, ఇవన్నీ దాచుకోండి. డెల్టాలో నాగలి పట్టేది ఎక్కువగా కౌలు రైతే. పరిహారం చెక్కు మాత్రం పట్నంలో ఉన్న భూ యజమాని పేరున వస్తుంది. ఈ అన్యాయం జరగకూడదంటే కార్డు ముందే ఉండాలి.

మట్టి పరీక్ష రైతు సేవా కేంద్రంలో చేయిస్తే సరిపోదా?

సరిపోదు. చాలామంది ఇక్కడే మోసపోతున్నారు. భూసార పరీక్ష పత్రంలో ఉండేవి 12 అంశాలు: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, ఉదజని సూచిక, లవణ సాంద్రత, సేంద్రియ కర్బనం. ఇవి పంటకు ఎంత ఎరువు వేయాలో చెబుతాయి. సీసం, కాడ్మియం, క్రోమియం, పాదరసం అందులో ఉండవు. పెట్రోలియం నూనెలు ఉండవు. పురుగుమందుల అవశేషాలు ఉండవు. కాబట్టి ఆ పత్రం చూపించి ‘భూమి బాగానే ఉంది కదా’ అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఆ పరీక్ష ఆ ప్రశ్నే వేయలేదు.

మీ ఖర్చుతో పరీక్ష చేయించదలిస్తే, పర్యావరణ చట్టం కింద గుర్తింపు ఉన్న ల్యాబుకో, ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబుకో వెళ్లండి. ఆ గుర్తింపు మీరు అడిగే పరీక్షలకే ఉందా అని ముందే చూసుకోండి, నీటి పరీక్షకు ఉండి మట్టిలో నూనెల పరీక్షకు లేకపోవచ్చు. నమూనా తీసేటప్పుడు పంచాయతీ కార్యదర్శినో, ఇద్దరు పెద్దలనో పక్కన పెట్టుకుని పంచనామా రాయండి. మచ్చ పడిన చోట పైమట్టి, దాని కింద అరమీటరు లోతు మట్టి, దగ్గర్లోని బోరు నీళ్లు, ఇంకా కాలుష్యం సోకలేదనుకునే దూరపు చేలోంచి ఒక నమూనా తీయాలి. ఆ చివరిది లేకపోతే మిగతావన్నీ వృథా. ఎదుటివాళ్లు ‘ఈ ప్రాంతపు మట్టే అంత’ అంటే మీ దగ్గర జవాబు ఉండదు.

డెల్టాకు ఇంకో చిక్కుంది. ఇక్కడ భూగర్భ జలం చాలాచోట్ల నాలుగు బారల లోతులోపే తగులుతుంది, అది కాలువలతో పాటు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. కాలువలు కట్టేసిన వేసవిలో తీసిన నీటి నమూనాకూ, జూన్‌లో ధవళేశ్వరం నుంచి నీళ్లు వదిలి చేలు తడిశాక తీసినదానికీ తేడా వస్తుంది. రెండు కాలాల్లోనూ తీయాలని పట్టుబట్టండి. ఒక్క వానాకాలపు నమూనాతో ‘పరిమితిలోపే ఉంది’ అని ఫైలు మూసేస్తే లిఖితపూర్వకంగా అభ్యంతరం చెప్పండి.

మేం తీసిన నమూనా కోర్టులో చెల్లుతుందా?

అధికారికంగా తీసిన నమూనాకున్న బలం దానికి ఉండదు. నీటి చట్టం 21వ సెక్షన్, పర్యావరణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం మండలి అధికారి సంస్థకు నోటీసు ఇచ్చి, వాళ్ల ఎదుట నమూనా తీసి, సీలు వేసి, సంతకాలు చేయించి ల్యాబుకు పంపాలి. ఈ వరుసలో ఒక్కటి తప్పినా ఎదుటి వకీలు దాన్నే పట్టుకుంటాడు. అయితే మీ నమూనా ఫలితం అధికారి కదలడానికి కారణమవుతుంది, ఆలస్యం జరిగిందని చూపడానికి రుజువవుతుంది.

ముందే నేల, నీళ్ల లెక్కలు రాసి ఉండకపోతే ఏమవుతుందో 2020 డిసెంబరులో ఏలూరు చూపించింది. 5వ తేదీ నుంచి జనం ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయారు. 600 మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు. ఎయిమ్స్ పరీక్షల్లో రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి, మరో పక్క పురుగుమందుల అవశేషాల వైపు వేలు చూపారు. నీళ్లా, కూరగాయలా, ఇంకేదైనానా అని రోజుల తరబడి వెతికారు. అంతకు ముందు ఏడాది అక్కడి నేలలో, కాలువలో, బోర్లలో ఏమేం ఎంతెంత ఉన్నాయో తెలిపే లెక్క చేతిలో ఉంటే, కొత్తగా వచ్చిందేదో విడదీయడం అంత కష్టమయ్యేది కాదు.

నమోదు అయ్యాక గడువులేమిటి?

సమాచారం అందిన 90 రోజుల్లోగా మండలి, లేదా అది నియమించిన నిపుణుల సంస్థ తొలి పరీక్ష పూర్తిచేయాలి. జాడ దొరికితే ఇంకో మూడు నెలల్లో వివరమైన పరీక్ష. కలుషితమని తేలితే ఆ స్థలం వివరాలు బహిరంగపరచాలి, జనం అటు వెళ్లకుండా ఆంక్షలు పెట్టాలి. కారకులెవరో తేల్చడానికి మండలికి 90 రోజులు. శుద్ధి ప్రణాళిక నిపుణుల సంస్థ ఇస్తుంది, ఖర్చు కారకులదే. ప్రాణనష్టం జరిగినట్టు రుజువైతే భారతీయ న్యాయ సంహిత కింద క్రిమినల్ కేసు వేరే.

నేలను ఎన్నాళ్లలో శుద్ధి చేయాలన్నదానికి మాత్రం గడువే పెట్టలేదు. ఇది ఈ నిబంధనల్లో పెద్ద లోపం. పరీక్షలకు రోజులు లెక్కకట్టి, అసలు పనికి కట్టకపోవడం రైతుకు చేసిన అన్యాయమే. దేశంలో ఇప్పటివరకు గుర్తించిన 103 స్థలాల్లో ఏడింటిలోనే శుద్ధి పని మొదలైందన్న లెక్క చూస్తే భయం ఊరికే కాదు. అందుకే ప్రణాళిక తయారయ్యే దశలోనే పనికి తేదీలు రాయించమని పంచాయతీ తరఫున అడగాలి.

రొయ్యల చెరువు వల్ల పక్క చేను చవుడు బారింది. ఇదీ ఈ నిబంధనల కిందకు వస్తుందా?

ఉప్పు ఒక్కటే అయితే రావడం కష్టం. అది మీ నష్టాన్ని చిన్నది చేయదు, దారి వేరే అంతే. ఉప్పునీటి రొయ్యల చెరువుల కోసం వ్యవసాయ భూములను మార్చకూడదని సుప్రీంకోర్టు 1996 డిసెంబరులోనే చెప్పింది. ఆ తర్వాత 2005లో తీరప్రాంత ఆక్వా చట్టం, 2020లో రాష్ట్ర ఆక్వా అభివృద్ధి సంస్థ చట్టం వచ్చాయి. చెరువుకు రిజిస్ట్రేషన్ ఉందా, ఏ సర్వే నంబర్లకు అనుమతి ఉందన్నది మత్స్యశాఖ దగ్గర దొరుకుతుంది. అనుమతి లేని చెరువైతే ఫిర్యాదు అక్కడా, తహసీల్దారు దగ్గరా పెట్టండి. ఈ కేసులో లవణ సాంద్రత చూపే భూసార పత్రం బాగా పనికొస్తుంది, ఏటేటా తీసినవి ఉంటే ఇంకా మేలు.

రొయ్యలను శుద్ధిచేసే ప్లాంటు సంగతి వేరు. దానికి మండలి అనుమతి ఉండాలి, వ్యర్థ జలాల శుద్ధి ఉండాలి. 2017 మార్చిలో మొగల్తూరు మండలంలోని ఒక ఆక్వా ప్లాంటులో ట్యాంకు శుభ్రం చేయడానికి దిగిన ఐదుగురు విషవాయువు పీల్చి చనిపోయారు. ట్యాంకులో మనిషిని చంపగలిగిన నీరు కాలువలోకి వస్తే ఏమవుతుందో ఊళ్లవాళ్లు భయపడటంలో వింత లేదు. తుందుర్రులో ఆక్వా పార్కుకు వ్యతిరేకంగా జనం అన్నాళ్లు పోరాడింది గొంతేరు డ్రెయిను పాడవకూడదనే.

స్థలం కొనబోతున్నాం. ఈసీలో కాలుష్యం సంగతి తెలుస్తుందా?

తెలియదు. ఈసీలో, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో, తనఖాలు, అమ్మకాలు కనిపిస్తాయి. అడంగల్, 1బీలో హక్కు, సాగు కనిపిస్తాయి. కాలుష్యం వీటిలో దేనిలోనూ ఉండదు. అమ్మేముందు మట్టి పరీక్ష చేయించి రిపోర్టు ఇవ్వాలన్న తప్పనిసరి నియమం కొన్ని దేశాల్లో ఉన్నట్టు మన దగ్గర లేదు. కానీ 1882 ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ఉంది. అమ్మేవాడికి తెలిసి, కొనేవాడికి మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని లోపం ఉంటే అమ్మేవాడు చెప్పి తీరాలి. దాచడం మోసం కిందకు వస్తుంది. కాబట్టి అగ్రిమెంటులోనే రాయించండి: ఈ స్థలంలో గతంలో ఫ్యాక్టరీ, గోదాము, డ్రిల్లింగు గుంట, పెట్రోలు బంకు, వ్యర్థాల డంపు లేవని, ఉంటే ఆ ఖర్చు అమ్మకందారుదేనని.

పైపులైను ఉందో లేదో కూడా చూడాలి. 1962 పైపులైన్ల చట్టం కింద భూమి మీ పేరునే ఉన్నా, వాడకపు హక్కు తీసుకున్న మేర ఇల్లు కట్టకూడదు, చెరువు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. కొబ్బరి మొక్కలు పెట్టుకుందామని కొన్న కోనసీమ స్థలంలో ఇది పిడుగులాంటి వార్త.

ఫ్యాక్టరీ పక్క స్థలమైతే, ఆ ఫ్యాక్టరీ ఏటా సెప్టెంబరు 30లోగా ఫారం 5లో ఇచ్చే పర్యావరణ నివేదిక, జూన్ 30లోగా ఇచ్చే ప్రమాదకర వ్యర్థాల వార్షిక రిటర్ను నకళ్లు మండలి నుంచి సమాచార హక్కు కింద అడగండి. ఫీజు రూ.10, జవాబుకు 30 రోజులు. బయానా ఇవ్వకముందే.

ఎవరో నా స్థలంలో డ్రమ్ములు పడేసి పోయారు. చెబితే నా మెడకే చుట్టుకుంటుందేమో?

చెప్పకపోతేనే చుట్టుకుంటుంది. బాధ్యత కాలుష్యం చేసినవాడిది. కానీ తెలిసీ ఊరుకున్నారని తేలితే మీ మాట నమ్మించడం కష్టమవుతుంది. చూసిన రోజే పోలీసులకూ మండలికీ రాయండి, డ్రమ్ములను కదపకండి, వాటి మీది లేబుళ్లు ఫొటో తీయండి. స్థలం లీజుకిస్తుంటే, ఖాళీ చేసేటప్పుడు మట్టి పరీక్ష చేయించి అప్పగించాలన్న షరతు లీజులో పెట్టండి.

పరిహారం ఎక్కడ అడగాలి?

జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచి చెన్నైలో ఉంది. పర్యావరణ వివాదమైతే ఆరు నెలల్లోగా, పరిహారం, పునరుద్ధరణ కోసమైతే ఐదేళ్లలోగా దరఖాస్తు పెట్టాలి. తగిన కారణం చూపితే రెండింటికీ మరో 60 రోజులు. మామూలు దరఖాస్తుకు ఫీజు రూ.1,000, పరిహారం కోరితే అడిగిన మొత్తంలో ఒక శాతం, దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవారికి ఫీజు లేదు. ప్రమాదం జరిగితే సంస్థ తప్పు చేసిందని మీరు రుజువు చేయక్కర్లేదు, ట్రిబ్యునల్ చట్టం 17వ సెక్షన్ ఆ భారం తీసేసింది. ప్రమాదకర పదార్థాల ప్రమాదానికి తక్షణ సాయం 1991 ప్రజా బాధ్యత బీమా చట్టం కింద కలెక్టరు దగ్గర ఐదేళ్లలోగా అడగొచ్చు. పైపులైను పని వల్ల పంట, చెట్లు పోతే 1962 చట్టం కింద నియమించిన అధికారి పరిహారం నిర్ణయిస్తాడు, చాలలేదనిపిస్తే జిల్లా జడ్జి దగ్గరకు వెళ్లొచ్చు.

ఆరు నెలల గడువు దగ్గరే చాలామంది దెబ్బతింటున్నారు. ‘వాళ్లు చూస్తామన్నారు’ అని ఎదురుచూస్తూ ఏడాది గడిపేస్తారు. ముద్ర పడిన మొదటి ఫిర్యాదు తేదీ ఉంటే వకీలు మాట్లాడటానికి ఆధారం ఉంటుంది.

కోనసీమలో కాలుష్యం మీద ట్రిబ్యునల్ 2022లో ఓఎన్‌జీసీకి రూ.22.76 కోట్ల పర్యావరణ పరిహారం విధించింది. ఇలాంటి సొమ్ము పర్యావరణ పునరుద్ధరణ కోసం. నష్టపోయిన ఒక్కో రైతు తన పరిహారం వేరుగా అడగాల్సిందే. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు కాలుష్య నియంత్రణ మండళ్లు కూడా నష్టపరిహార సొమ్ము విధించవచ్చని తేల్చింది కాబట్టి, మండలికిచ్చే అర్జీలోనే ఆ కోరిక రాయండి.

కారకులు దొరక్కపోతే, కంపెనీ దివాలా తీస్తే?

కేంద్రం, రాష్ట్రం కలిసి శుద్ధి ఖర్చు భరించాలి. ఉమ్మడి రాష్ట్రంలో ప్రపంచ బ్యాంకు సాయంతో హైదరాబాదు కాటేదాన్ నూర్ మహమ్మద్ కుంటనూ, కడప చెత్త డంపునూ ప్రయోగాత్మకంగా శుద్ధికి తీసుకున్నారు. డెల్టాలో అలాంటి స్థలం ఏదీ వాటితో పాటు ఎక్కలేదు.

శుద్ధి చేశామని చెబుతున్నారు. మేం ఏం చూడాలి?

మొదటి పరీక్షలో ఏ చోట, ఏ లోతులో నమూనా తీశారో అదే చోట, అదే లోతులో మళ్లీ తీశారా అని చూడండి. వేసవిలో ఒకటి, కాలువ నీళ్లు వచ్చాక ఒకటి ఉండాలి. తీసిన మట్టి ఎక్కడికి పోయిందో ఫారం 10 నకలు అడగండి. పక్క ఊరి లంకలో పోసి వచ్చి ‘ఇక్కడ శుభ్రం’ అనడం శుద్ధి కాదు. ల్యాబు రిపోర్టు నకలు పంచాయతీ రికార్డులో చేర్పించండి. ఆ బోరు నీళ్లు తాగొచ్చని చెబితే, అలా అని సంతకం చేసిన కాగితం ఇమ్మనండి.